మా ఆదివారం సభకు వచ్చే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు ఒక ట్యూషన్ గదిలో కొంతమందిమి కలుస్తాం. నలుగురి ముందు నిలబడి తెలుగులో మాట్లాడటం అలవాటు చేసుకుంటాం. ఒక్కో వారం పాతికమంది ఉంటారు, ఒక్కో వారం ఏడుగురు. ఫోన్లో, బజార్లో, పెళ్ళి భోజనాల దగ్గర జనం నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి, జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

ఇంతకీ రెండు గంటలు అక్కడ ఏం చేస్తారు?

ముందుగా ఇద్దరో ముగ్గురో ఇంటి దగ్గర తయారుచేసుకొచ్చిన ప్రసంగాలు చేస్తారు. ఒక్కొక్కటి 5 నుంచి 7 నిమిషాలు. తరవాత చీటీలు. డబ్బాలో చెయ్యిపెట్టి ఒక చీటీ తీసి, అందులో ఉన్న విషయం మీద అక్కడికక్కడే ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆఖరున సమీక్ష. ప్రసంగం విన్నవాళ్ళలో ఒకరు లేచి ఏది బాగుందో, వచ్చేసారి ఏది మార్చుకోవాలో 2, 3 నిమిషాల్లో చెబుతారు.

పనులన్నీ వంతులవారీగానే. ఈ వారం సభ నడిపినవాళ్ళు వచ్చే వారం కుర్చీలు వేస్తారు. టైము చూసేవాళ్ళ దగ్గర మూడు రంగుల అట్టలుంటాయి. 5 నిమిషాలకు పచ్చ అట్ట ఎత్తుతారు, 6కు పసుపు, 7కు ఎరుపు. ఎర్ర అట్ట లేచిందంటే చెబుతున్న వాక్యం ముగించి కూర్చోవాలి. వయసుకు, హోదాకు మినహాయింపు లేదు. రిటైరైన ఒక హెడ్మాస్టరు గారు మొదటివారం దీనికి నొచ్చుకున్నారు. రెండో నెలలో ఆయనే నాతో, ‘ముప్ఫై ఏళ్ళు గంట కొట్టేదాకా మాట్లాడాను, ఏడు నిమిషాల్లో ముగించడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను’ అన్నారు. ఇప్పుడు ఆ అట్టలు ఆయన దగ్గరే ఉంటాయి.

ఇది టోస్ట్‌మాస్టర్స్ వాళ్ళ శాఖా?

కాదు. కానీ పద్ధతి వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. 1924 అక్టోబరు 22న కాలిఫోర్నియాలోని శాంటా ఆనా ఊళ్ళో, వైఎంసీఏ భవనంలో నలుగురి ముందు మాట్లాడటం అలవాటు చేసుకోవడానికని రాల్ఫ్ స్మెడ్లీ ఆ క్లబ్బు మొదలుపెట్టారు. తయారై వచ్చి చేసే ప్రసంగం, అప్పటికప్పుడు మాట్లాడటం, తోటివాళ్ళ సమీక్ష, రంగుల గుర్తులతో టైము చూడటం, అన్నీ వాళ్ళ సభల్లో ఉన్నవే. కొత్త సభ్యుడి మొదటి ప్రసంగాన్ని వాళ్ళు ఐస్ బ్రేకర్ అంటారు, 4 నుంచి 6 నిమిషాలు తన గురించి తాను చెప్పుకోవాలి. మేమూ అలాగే మొదలుపెట్టిస్తాం.

వాళ్ళ గుర్తింపుతో క్లబ్బు పెట్టాలంటే కనీసం 20 మంది సభ్యులు కావాలి, సంస్థకు చందా కట్టాలి, సభ్యులకు 18 ఏళ్ళు నిండాలి. మా దగ్గర సగంమంది ఇంకా బడికో కాలేజీకో వెళ్ళే పిల్లలు. వాళ్ళను బయట ఉంచి సభ నడపడం మాకు ఇష్టం లేదు. చదువుకో ఉద్యోగానికో హైదరాబాదు లాంటి పెద్ద ఊరు వెళ్తే మాత్రం అక్కడ ఆ క్లబ్బుల్లో తప్పకుండా చేరండి. ఇక్కడ అలవాటైన పద్ధతే కాబట్టి మొదటిరోజు నుంచే కలిసిపోతారు.

నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు. చదవడం, రాయడం రాదు. రావచ్చా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు. తగ్గించాల్సిన పని లేదు. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుకున్న తెలుగు ఇళ్ళ పిల్లలు ఎందరో. ఇంట్లో అమ్మతో తెలుగు, బడిలో ఒడియా, దరఖాస్తులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నేర్పే మనిషి ఎదురుపడకపోతే అది వాళ్ళ తప్పెలా అవుతుంది?

మా సభ్యుల్లో నలుగురు తెలుగు ప్రసంగాన్ని ఒడియా లిపిలో రాసుకుంటారు. మొదటిసారి ఆ కాగితం చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. గుండ్రటి ఒడియా అక్షరాల్లో వాళ్ళ నాయనమ్మ మాటలు, ఉన్నవి ఉన్నట్టు.

అలా రాసుకునేవాళ్ళకు ఒక జాగ్రత్త చెబుతాను. తెలుగులో ఎ, ఏ రెండూ ఉన్నాయి, ఒ, ఓ రెండూ ఉన్నాయి. ఒడియా లిపిలో ఈ పొట్టి పొడుగులకు వేరు వేరు గుర్తులు లేవు. మెడ, మేడ రెండూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. నెల, నేల కూడా అంతే. ఇంట్లో చదువుకున్నప్పుడు అర్థాన్నిబట్టి సరిగ్గానే పలుకుతారు, జనం ముందు కంగారులో జారిపోతారు. ఒక కుర్రాడు ‘నాన్న పోయి నెల తిరక్కముందే’ అనబోయి ‘నేల’ అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. వాడు ఆగాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మిగతాదంతా చూడకుండా చెప్పాడు. ఆరోజు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆ తరవాత నుంచి ఒడియా లిపిలో రాసుకునేవాళ్ళు దీర్ఘం ఉన్నచోట అక్షరం కింద ఎర్ర గీత గీసుకుంటున్నారు. అది బాగా పనికొస్తోంది.

అక్షరాలు నేర్చుకుంటామనేవాళ్ళకు సభకు ముందు అరగంట పలకా బలపం పెట్టి కూర్చోబెడతాం. బలవంతం లేదు. మాట్లాడటానికి అది షరతు కాదు.

మా యాస వింటే ఆంధ్రావాళ్ళు నవ్వుతారు. పుస్తకాల తెలుగు నేర్పుతారా?

నేర్పం.

ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్ళోనే పనిచేశారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. కొండల మీది సవరల మాట చెవితో విని నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు బడులు పెట్టారు, వాళ్ళ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది, క్వినైన్ వాడి వాడి వినికిడి పోయింది. జనం నోట్లో ఉన్న తెలుగునే పుస్తకంలోకీ బడిలోకీ తేవాలని ఏళ్ళ తరబడి వాదించారు. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరిలో కన్నుమూశారు.

మేం ఇక్కడ ఉండిపోయినవాళ్ళ మనవలం. నోటి మాటకు అంత పోరాటం జరిగిన ఊళ్ళో నిలబడి, మా నోటి మాట పనికిరాదని మేమే అనుకుంటే ఎలా?

‘ఏమిటి’ని మీరు ‘ఏటి’ అంటే ఏటి అనే అనండి. ‘ఎలగ’, ‘అలగ’, ‘నాను’ (నేను), ‘అప్ప’ (అక్క), ‘గుంటడు’ (కుర్రాడు) అన్నీ సభలో చెల్లుతాయి. యాసను తప్పుల లెక్కలో రాయకూడదని మాకు నియమం. కూరగాయల వ్యాపారం చేసే ఒకావిడ మొదటిరోజు తలుపు దగ్గరే నిలబడి ‘నానేటి సెప్తాను బాబూ, నాకు సదువు రాదు’ అంది. ‘అప్పా, తెల్లారగట్ల సంతకెళ్ళి సరుకు ఎలగ కొంతావో అదే సెప్పు’ అన్నాను. వంకాయ కాడ చూసి తాజాదనం ఎలా పట్టాలో, తూకంలో మోసం ఎక్కడ జరుగుతుందో ఆరు నిమిషాలు చెప్పింది. పచ్చ, పసుపు అట్టలు లేచిన సంగతి ఎవరం గమనించలేదు.

మరి ఎదుటివాళ్ళకు అర్థం కాకపోతే? అది వేరే సంగతి. విజయవాడ నుంచో వరంగల్ నుంచో వచ్చినవాళ్ళు వింటుంటే, వాళ్ళకు తెలియదనిపించిన మాట దగ్గర ఒక్క క్షణం ఆగి ఇంకో మాటతో విడమర్చి చెప్పండి. అది వినేవాళ్ళ మీద మర్యాద.

మధ్యలో ఒడియా మాటలు దొర్లితే తప్పా?

మాట అవసరమై వస్తే తప్పు కాదు. ఊతపదంగా వస్తే తగ్గించుకోవాలి. ఈ తేడా తెలియడానికే మాటల లెక్క రాసే మనిషి ఒకరు మూల కూర్చుంటారు. మామూలుగా తెలుగువాళ్ళకు ‘అంటే’, ‘అదీ’, ‘ఏంటంటే’ ఊతపదాలు. మాకు వాటితోపాటు ఒడియావాళ్ళ ‘మానే’ (మన ‘అంటే’ లాంటిదే) కూడా అంటుకుంది. ‘మానే, నేను మానే నిన్న బరంపురం వెళ్ళాను మానే’, ఇలా సాగుతుంది. మనకు మనం వినపడం. ఎవరో లెక్కరాసి ‘మానే పదిహేడు’ అని చదివితేనే తెలుస్తుంది.

దీనికి మందు ఒకటే. ‘మానే’ రాబోతున్నచోట నోరు మూసుకుని ఆగాలి. ఆ ఒక్క క్షణం చెప్పేవాడికి యుగంలా ఉంటుంది, వినేవాడికి ఊపిరి తీసుకున్నంతే.

లేచి నిలబడగానే కాళ్ళు వణుకుతాయి, నోరు ఎండిపోతుంది. నా వల్ల అవుతుందా?

అవుతుంది. నాకు ఇప్పటికీ వణుకు వస్తుంది. ఎదురుగా ఇన్ని కళ్ళు కనపడగానే ఒంటికి ఏదో ప్రమాదం ముంచుకొచ్చినట్టే తోచి అడ్రినలిన్ ఊరుతుంది. గుండె దడదడ, అరచేతుల్లో చెమట, నోరు తడారిపోవడం అన్నీ దాని పనే. చాలామందికి మొదటి నిమిషం గడిచాక సర్దుకుంటుంది. కాబట్టి ఆ మొదటి నిమిషాన్ని దాటడం ఎలాగో చూసుకుంటే చాలు.

మొదటి రెండు వాక్యాలు, ఆఖరి ఒక్క వాక్యం కంఠస్థం చెయ్యండి. మధ్యదంతా బట్టీపట్టొద్దు. బట్టీపట్టినదాంట్లో ఒక్క మాట మరిచిపోతే గొలుసు తెగినట్టు అంతా పోతుంది. నడుమ చెప్పాల్సినవి మూడు నాలుగు గుర్తుమాటలుగా పోస్టుకార్డంత అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాసుకోండి. పెద్ద కాగితం తేకండి, చెయ్యి కొంచెం వణికినా కాగితం రెపరెపలాడి అందరికీ కనపడుతుంది, అది చూసి మీకు ఇంకా భయం పెరుగుతుంది.

పిలిచే ముందు కుర్చీలోనే నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. అలా ఐదారుసార్లు. ముందుకు వెళ్ళాక వెంటనే మొదలెట్టకండి. రెండు పాదాలూ నేలకు ఆనాయో లేదో చూసుకుని, మీకు తెలిసిన ఒక మొహం వెతుక్కుని, ఆ మనిషితో మొదటి వాక్యం చెప్పండి. మైకు ఉంటే నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకోండి. మరీ దగ్గరైతే ప, బ అక్షరాల దగ్గర బుస్సుమంటుంది.

చేతులు ఏం చెయ్యాలో తెలియనివాళ్ళకు ఇంకో దారి ఉంది. మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. ఆ పనిచేసే ఒకాయన మొదటిసారి రెండు ముక్కలు చెప్పి ఆగిపోయి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. వచ్చే వారం మీ పని సరంజామా ఏదైనా తెచ్చుకోండి అన్నాం. సగం చేసిన కొంగబొమ్మ, ఒక ఆకురాయి పట్టుకొచ్చాడు. కొమ్మును నిప్పు సెగకు చూపించి మెత్తబడగానే ఎలా వంచాలో, సెగ కాస్త ఎక్కువైతే ఎలా పగులుతుందో, ఆకురాయితో మెడ దగ్గర ఎంత తేలిగ్గా రాయాలో చూపిస్తూ చెప్పాడు. చేతులు పనిలో పడ్డాయి, మాట వాటి వెంట నడిచింది. అప్పుడప్పుడు ఆకురాయి కొమ్ము మీద ‘సర్’మని రాసుకునే చప్పుడు, మళ్ళీ మాట. ఏ ప్రసంగాల పుస్తకంలోనూ దొరకని విరామాలవి. మూడోసారి ఉత్త చేతులతోనే వచ్చాడు.

అందరి ముందు తప్పులు ఎత్తిచూపుతారని విన్నాను. నాకు అది నచ్చదు.

మీ భయంలో నిజం ఉంది, అందుకు కారకుణ్ణి నేనే. కొత్తలో ఒక డిగ్రీ అమ్మాయి ప్రసంగానికి నేను సమీక్ష చేశాను. శ్రద్ధగా విన్నానని చూపించుకోవాలనే తాపత్రయంలో పదకొండు తప్పులు వరసగా చదివాను. ఆ అమ్మాయి నవ్వుతూనే కూర్చుంది. మరుసటి ఆదివారం రాలేదు, ఆపై వారమూ రాలేదు. బజార్లో వాళ్ళమ్మ కనపడి ‘మీ సబకి ఇంకెల్లనంటంది బాబూ’ అంది. ఇంటికి వెళ్ళి క్షమించమన్నాను. తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు నేను సమీక్ష చెయ్యలేదు, మిగతావాళ్ళు చేస్తుంటే విన్నాను.

ఇప్పుడు మా నియమం ఇది. బాగున్నది ఒకటి, అదీ ఫలానా మాట, ఫలానా చోటు అని వేలు పెట్టి చూపించాలి. ‘చాలా బాగా మాట్లాడారు’ అనేది సమీక్ష కాదు, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పాలి, ఎలా మార్చుకోవాలో కూడా చెప్పాలి. మనిషి గురించి కాదు, మాట గురించి చెప్పాలి. మొన్నటివారం ఆ అమ్మాయే ఒక పదో తరగతి కుర్రాడికి చేసిన సమీక్ష ఇలా ఉంది: ‘తమ్ముడూ, మీ తాతగారు సైకిల్ తుడిచే గుడ్డ రంగు కూడా చెప్పావు, నాకు ఆయన కళ్ళముందు కనపడ్డారు. కానీ ఆయన పోయారని చెప్పిన వెంటనే తరవాతి వాక్యంలోకి పరుగెత్తావు. అక్కడ మూడు లెక్కపెట్టి ఆగు. మాకూ కాస్త టైమివ్వు.’ అంతే, కూర్చుంది.

మనకు వరసైనవాళ్ళకు, పెద్దవాళ్ళకు సమీక్ష చెప్పాల్సి వచ్చినప్పుడు చిన్నవాళ్ళు మొహమాటపడతారు. మావయ్యను ఎలా అంటాం అని. ‘మావయ్యా, ఈ ముక్క నాకు అందలేదు’ అని చెప్పమంటాం. ఆ వరస అలాగే ఉంటుంది, విషయమూ చేరుతుంది.

చీటీ తీసి అప్పటికప్పుడు ఏం మాట్లాడతాం? బుర్ర ఖాళీ అయిపోతుంది.

చీటీ చదివాక పది సెకన్లు ఆగే హక్కు మీకుంది. ఆ పది సెకన్లలో మొత్తం ప్రసంగం ఆలోచించొద్దు. ఒక అభిప్రాయం, అందుకు ఒక కారణం, మీరు కళ్ళారా చూసిన ఒక సంగతి, ఈ మూడూ దొరికితే ఒకటిన్నర నిమిషం నిండుతుంది. ‘వానాకాలం మీకు ఇష్టమా’ అని చీటీ వచ్చిందనుకోండి. ఇష్టం లేదు, ఎందుకంటే బట్టలు ఆరవు, మా చెల్లి పెళ్ళినాడు తడిచీరతో పీటల మీద కూర్చుంది. అయిపోయింది.

చీటీలు మేమే రాస్తాం. మహేంద్రగిరి ఎక్కినప్పుడు ఏం చూశారు, మీ వీధికి ఆ పేరెందుకు వచ్చింది, బరంపురం అప్పడాలా ఇంటి అప్పడాలా, సరిహద్దు దాటగానే మొదట ఏం మారినట్టనిపిస్తుంది. ఆఖరుదానికి మంచి జవాబులు వస్తాయి. మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చే ఇద్దరు మిత్రులు దాన్ని మేం చూసే వైపు నుంచి ఎన్నడూ చూడరు.

ఇంటర్వ్యూలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. తెలుగులో మాట్లాడటం నేర్చుకుంటే మాకేం ఉపయోగం?

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. మూడో ఆదివారం ఒడియాలో నడుపుతాం, ఎవరికైనా ఇంటర్వ్యూ దగ్గరపడితే ఇంగ్లీషులో కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతాం. అయినా మొదలు తెలుగుతోనే పెట్టిస్తాం. కొత్త భాషలో మాట వెతుక్కోవడం ఒక బరువు, జనం ముందు నిలబడటం ఇంకో బరువు. రెండూ ఒకేసారి ఎత్తమంటే పిల్ల కుంగిపోతుంది. ఇంటి భాషలో అయితే మాట కోసం వెతకక్కర్లేదు కాబట్టి నిలబడటం మీదే మనసు పెట్టొచ్చు. విషయాన్ని ఏ వరసలో చెప్పాలి, ఎక్కడ ఆగాలి, అడిగినదానికి మాత్రమే ఎలా జవాబివ్వాలి, ఇవి ఒకసారి ఒంటబడితే భాష మారినా వెంట వస్తాయి. మా పిల్లల విషయంలో నేను చూసింది ఇదే.

ఇంకో మాట. ఉపయోగం సంగతి అటుంచి, ఇంట్లో చావు జరిగినప్పుడు నాలుగు మంచి మాటలు చెప్పడానికి, పెళ్ళిచూపుల్లో పిల్ల తరఫున అడగాల్సింది అడగడానికి, అమ్మమ్మకు ఆపరేషన్ ఎందుకు అవసరమో నచ్చజెప్పడానికి మనకు కావలసింది ఏ భాష?

ఎన్నాళ్ళకు మార్పు కనిపిస్తుంది?

ఇన్ని వారాలని చెప్పలేను. అలా చెప్పేవాళ్ళను నమ్మొద్దని మాత్రం చెప్పగలను. ప్రతి సభ్యుడికీ ఒక నోటుబుక్కు ఉంటుంది. ఎవరి లెక్క వాళ్ళదే, పోటీ లేదు. మందుల షాపులో పనిచేసే ఒక కుర్రాడు తన నోటుబుక్కు చూపించడానికి ఒప్పుకున్నాడు. మొదటి పేజీలో ‘2 నిమిషాలు. మానే 17. కళ్ళు నేల మీద.’ పద్నాలుగో పేజీలో ‘6 నిమిషాల 30 సెకన్లు. మానే 4. కిటికీ పక్కవాళ్ళను చూడలేదు.’ ఈ రెండో లెక్కలో నాకు నచ్చింది సెకన్లు కాదు. కిటికీ పక్కవాళ్ళను చూడలేదన్న సంగతి వాడికే తెలిసింది.

అంకెల్లో పడని మార్పు ఇంకొకటి ఉంది. ఆ కుర్రాడే వాళ్ళ వార్డు మీటింగులో లేచి, కాలవ పొంగి షాపులోకి నీళ్ళొస్తున్న సంగతి ఒడియాలో మూడు వాక్యాల్లో చెప్పాడు. గొంతు పెంచలేదు. ఎప్పటి నుంచి, ఎక్కడ, ఏం కావాలి, అంతే. కాలవ ఇంకా బాగుపడలేదు. కానీ ఆ మీటింగులో ముందు లేచిన ముగ్గురూ అరిచి కూర్చున్నారు, వీడు చెప్పినదాన్ని మాత్రం రాసుకున్నారు.

వెనకడుగులూ ఉంటాయి. మూడు నెలలు బాగా మాట్లాడి, ఒకరోజు ఉన్నట్టుండి మాట పెగలకపోవచ్చు. అలాంటి రోజు మానేయకండి, అప్పుడే రావాలి.

ఇంకా చెప్పాలంటే, ఎదుగుదల నాకు ముందుగా కనపడేది చెప్పేవాళ్ళలో కాదు, వినేవాళ్ళలో. కొత్తగా వచ్చినవాళ్ళు తమ వంతు ఎప్పుడా అని చూస్తూ కూర్చుంటారు. ఐదారు నెలలకు ఎదుటివాళ్ళ ప్రసంగంలోని చిన్న మాట కూడా గుర్తుపెట్టుకుని అడుగుతారు. అప్పటికి వాళ్ళ ప్రసంగమూ బాగుపడి ఉంటుంది.

ఆడవాళ్ళు వస్తారా? పిల్లల్ని తీసుకురావచ్చా?

సగానికి పైగా ఆడవాళ్ళే. నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకు ముగించేది వాళ్ళడిగితేనే, మరీ పొద్దుపోకముందే ఇల్లు చేరాలని. చంటిపిల్లలతో రండి. పిల్ల ఏడిస్తే ప్రసంగం ఆపక్కర్లేదు, ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలు సభ్యులుగానే ఉండొచ్చు.

చందా ఎంత?

నెలకు 30 రూపాయలు. గది కరెంటు, టీ, బరా (వడ), ఘుగునీ (బఠాణీల కూర) దానిలోనే. ఇవ్వలేనివాళ్ళు ఇవ్వొద్దు, ఎవరూ అడగరు.

మాట్లాడకుండా ఊరికే వినొచ్చా?

మూడు వారాలు వినండి. నాలుగోవారం కనీసం టైము అట్టలు పట్టుకోమంటాం.

ఏ విషయాలు మాట్లాడకూడదు?

పార్టీ ప్రచారం, మతాన్నీ కులాన్నీ కించపరచడం, గదిలో ఉన్నవాళ్ళ ఇంటి గొడవలు. మిగతాదంతా మీ ఇష్టం.

మా ఊళ్ళో ఇలాంటిది పెట్టాలంటే ఎలా?

గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం నుంచి అడుగుతుంటారు. రాష్ట్రపతి పదవికెక్కిన వి.వి.గిరి గారు 1894లో పుట్టిన బరంపురంలో తెలుగువాళ్ళకేం తక్కువ, ఒక్క పేటలో అయినా మొదలుపెట్టొచ్చు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ నుంచి కూడా ఒకరు ఫోన్ చేశారు. వాళ్ళదీ మా కథే, కాకపోతే అక్కడ బడి మరాఠీ. మాకు ‘మానే’ అడ్డం వచ్చినట్టు వాళ్ళకు ‘మ్హణజే’ వస్తుందట. ఫోన్లోనే ఇద్దరం కలిసి లెక్కపెట్టుకున్నాం.

ఐదుగురు చాలు. గది, వారం, గంట మార్చకండి. జనం రాకపోయినా ఆ గంటకు తలుపు తీసి ఉండాలి. మా రెండో ఏడు పరీక్షలు, పెళ్ళిళ్ళు కలిసొచ్చి వరసగా నాలుగు వారాలు ముగ్గురమే ఉన్నాం. ముగ్గురమే ప్రసంగించుకుని, ముగ్గురమే సమీక్షించుకున్నాం. ఐదోవారం తొమ్మిదిమంది వచ్చారు.

మొదటిరోజు ముఖ్య అతిథినీ, శాలువానూ, బ్యానరునూ తేకండి. అతిథి గంట మాట్లాడతారు, సభ్యులు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. ఆరోజు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ కనీసం ఒక్క నిమిషం మాట్లాడాకే టీ ఇవ్వండి. పదవులు మూణ్ణెల్లకోసారి మార్చండి. ఒకే మనిషి నడిపిన సభ ఆ మనిషి ఊరెళ్ళిన రోజు ఆగిపోతుంది. పెద్ద సభ చెయ్యాలనిపిస్తే ఏడాదికొకటి చాలు. మేం ఆగస్టు 29న చేస్తాం, ఆరోజు ఒడియా మిత్రుల్నీ సవర మిత్రుల్నీ పిలిచి వాళ్ళ భాషల్లోనే మాట్లాడమంటాం. కిందటేడు ఒక సవర అమ్మాయి ఐదు నిమిషాలు మాట్లాడింది. సగానికి పైగా నాకు అర్థం కాలేదు, కానీ ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో తెలిసింది.

మొదటిరోజు ఏం తెచ్చుకోవాలి?

ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. మీ పేరు, ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకుని రండి. ఒక్క నిమిషం అదే చెప్పమంటాం. తెలియదంటే అదీ ఫర్వాలేదు, మీకు మీరు పెట్టుకోవాలనుకున్న పేరు చెప్పండి. మెట్లెక్కి కుడివైపు రెండో గది. తలుపు దగ్గర చెప్పులు విప్పాలి.